పిట్ట కాళ్ల లోతు

మా చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి మా ఆయన ఏనాడూ నీళ్లలోకి దిగలేదు. కట్ట మీద, తూముకు ఎదురుగా గొంతు కూర్చుని పిట్టల్ని చూసేవాడు. ఆయన ఊరి నీరుగంటి. తూము తిప్పి కాలువకు నీళ్లు వదలడం, ఎవరి మడికి ఎప్పుడు తడి అందాలో చూడడం ఆయన పని. ఆయనకు ముందు వాళ్ల నాయనదీ అదే పని. పంట కోతలప్పుడు ఆయకట్టు రైతులు తలా ఒక చేటెడు వడ్లు మేరగా ఇచ్చేవాళ్లు.

మాది పరిగికీ హిందూపురానికీ నడుమ ఊరు. పెళ్లయిన కొత్తలో నేను సంగటి ముద్ద, ఊరిబిండి మూటగట్టుకొని కట్ట మీదికి పోయేదాన్ని. నేను పోయేసరికి ఆయన చెరువుకేసి చూస్తూ ఉండేవాడు. మనిషి వచ్చిందని తల తిప్పేవాడు కాదు.

"ఏముండాది ఆడ, అంతగా సూస్తాండావు?" అన్నాను ఒకరోజు.

"కొలబద్దలుండాయి, సూడు," అన్నాడు.

నాకు పిట్టలు తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు ముద్ద పక్కన పెట్టి చెప్పాడు. నీటి అంచున బురదలో తోక ఊపుకుంటూ ఉరికే చిన్న పిట్ట ఉంటుంది. అది ఉన్నచోట నీళ్లు లేనట్టే లెక్క. దానికి ఇవతల, నలుపు రెక్కలు తెల్ల పొట్టతో, ఎర్రటి పొడుగు కాళ్ల మీద నిలబడేది ఇంకొకటి. దాన్ని ఆయన కట్టెకాళ్ల పిట్ట అనేవాడు. దాని కాళ్లు జానెడు. పొట్ట తడవకుండా అది ఎక్కడిదాకా నిలబడితే అక్కడిదాకా జానెడు నీళ్లు. ఇంకా లోపల, నుదుట తెల్ల నామంతో నల్లటి నామకోళ్లు ఈదుతూ ఉంటే, అక్కడ పిట్ట కాళ్లు అందవు.

"ఆ నామకోళ్లుండే తావే మన తిండి," అన్నాడు.

తూముకు నలభై అడుగుల దూరంలో చెరువు లోపల ఒక బండ ఉంది. ఎనుము పడుకున్నట్టు ఉంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ కట్టెకాళ్ల పిట్టలు ఆ ఒడ్డు నుంచి లోపలికి, లోపలి నుంచి బండ దగ్గరికి జరుగుతూ వస్తాయి. అవి బండ చుట్టూ నిలబడినరోజు మా ఆయన కట్ట దిగి ఊళ్లోకి వచ్చి, "ఇంగ కడతడి" అని చెప్పేవాడు. అంటే ఇంకొక్క తడికే నీళ్లున్నాయని.

ఆ మాటకు మా ఊళ్లో బలముంది. మామూలుగా తడి పైమడి నుంచి మొదలై కిందికి పోతుంది. తూము దగ్గరి మడులు ముందు, కాలువ చివర మడులు వెనక. కడతడి మాత్రం తిరగబడుతుంది. ముందు కాలువ చివరి మడికి పారి, అక్కడి నుంచి పైకి ఎక్కుతుంది. చివర ఉన్నవాళ్లు ఎండిపోకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు. పైమడి రైతు ఎంత పెద్దవాడైనా నీరుగంటి కడతడి అన్నాక తన మడిలోకి నీళ్లు పారే మడవ మూసుకొని నోరు మూసుకోవాల్సిందే. నేను చూసిన ముప్పై ఏళ్లలో మా ఆయన ఆ మాటను ఒకరోజు ముందూ అనలేదు, ఒకరోజు వెనకా అనలేదు.

ఆయన ఎండాకాలంలో పోయాడు. చెరువు నెర్రెలిచ్చి ఉంది. తెల్లవారుజామున గుండెలో నొప్పి అన్నాడు. నీళ్లు తెచ్చేలోపల అయిపోయింది. ఆ పొద్దున కట్ట మీద తీతువు అరిచిందని, అది మనిషిని పిలుచుకుపోయే అరుపని ఆడవాళ్లు మాట్లాడుకున్నారు. తీతువు మా కట్ట మీద ప్రతి పొద్దునా అరుస్తుంది. కార్ల ఫ్యాక్టరీకి మనుషుల్ని తీసుకుపోయే బస్సు కట్ట మీదుగా వస్తుంది కదా, దాన్ని చూసి అరుస్తుంది. ఆ మాట చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లందరూ నన్ను పట్టుకొని ఏడ్చారు. నేను వాళ్ల వీపు నిమిరాను. మా తోడికోడలు, అంటే మా ఆయన తమ్ముడి భార్య, పక్కన కూర్చుని నా మొహంలోకి చూస్తూ, "అక్కా, ఒక్కసారి ఏడుసక్కా, అట్ల ఉండకు, నాకు బయమైతాండాది," అంది. ఆమె మొగుడు పోయి అప్పటికే ఆరేళ్లు. ఆమె అప్పుడు మూడు రోజులు నేల మీద దొర్లి ఏడ్చింది. నేను ఆమెను చూసి తల ఊపాను తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. అన్నం పెడితే తిన్నాను. పడుకోమంటే పడుకున్నాను.

దినాలు అయ్యాక మా పాప వచ్చి నన్ను ధర్మవరం తీసుకుపోయింది. అల్లుడు మగ్గం నేస్తాడు. ఇంట్లో పొద్దస్తమానం మగ్గం చప్పుడు. ఆ చప్పుడు నాకు బాగుండేది. దాని ముందు మాట్లాడాల్సిన పని లేదు. మూడు నెలలు ఆ చప్పుడు పక్కనే కూర్చున్నాను. ఒక ఆదివారం అల్లుడు నన్ను బండి మీద ధర్మవరం చెరువు కట్టకు తీసుకుపోయాడు. మా చెరువు లాంటివి పది పడతాయి అందులో. నీళ్లు అడుగుకు పోయి ఉన్నాయి, ఆ అడుగు నీళ్లలోనే కట్టెకాళ్ల పిట్టలు బారులు తీరి ఉన్నాయి.

"ఆడ జానెడు," అన్నాను.

"ఏమత్తా?" అన్నాడు అల్లుడు.

"ఆ పిట్టలుండే తావు. జానెడు నీళ్లుండాయి."

ఇంటికి వచ్చాక వాడు మా పాపతో, "మీయమ్మ మాట్లాడింది," అని ఏదో పెద్ద సంగతి జరిగినట్టు చెప్పాడు. నాకు అందులో ఏమీ అనిపించలేదు. పిట్టలు కనిపించాయి, లోతు చెప్పాను.

వానలు పడ్డాయని తెలిసి ఊరికి వచ్చేశాను. వచ్చేసరికి చెరువు నిండి, మిగులు నీళ్లు మరవ మీద పొర్లి పారుతున్నాయి. ఊరంతా అక్కడే ఉంది. నేను లేని ఆ మూడు నెలల్లో, చెరువు ఎండి ఉన్నప్పుడు, హిందూపురం వైపు ఎవరో ప్లాట్లు వేస్తున్నారని టిప్పర్లు వచ్చి మా చెరువులో మన్ను తవ్వుకుపోయాయి. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. దాచాలని కాదు. టిప్పర్లు రావడం, మన్ను పోవడం, వాన రావడం, చెరువు నిండడం అన్నీ జరిగిపోయాయి. నిండిన చెరువు చూశాక అడుగు ఎవరికి గుర్తుంటుంది?

సంక్రాంతికి ముందు నాట్లేసే వేళకు ఆయకట్టు రైతులు కూడారు. మాకు మగబిడ్డ లేడు. తూము ఎవరు తిప్పాలి అన్న మాట వచ్చింది. ఆయకట్టు పెద్దాయన, పైమడి రైతు, నాకు వరసకు మామ అవుతాడు. కళ్లద్దాలు తీసి పైపంచతో తుడుచుకుంటూ, "ముప్పై ఏండ్లు వాని పక్కన కూసోని సూసిండేది ఆ యమ్మే. ఇంగొకనికి పిట్ట తెల్సునా, బండ తెల్సునా?" అన్నాడు.

"ఆడమనిసి తూము తిప్పేది యాడన్నా ఉండాదా మామా?" అని ఎవరో వెనక నుంచి నవ్వారు.

"నీ మడికి నీళ్లు పారితే సాలు గదప్పా. తిప్పిన చెయ్యికి గాజులుండాయా లేవా అని నీళ్లు సూస్తాయా?" అన్నాడు పెద్దాయన. అని, నా చేతుల వైపు చూసి, ఏదో తప్పు మాట అన్నట్టు తల దించుకున్నాడు. నాకు ఏమీ అనిపించలేదు. తూము చక్రానికి తగిలించే ఇనుప పిడి మా ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది. మరుసటి పొద్దున దాన్ని తీసుకొని పోయాను.

రోజూ పొద్దున్నే కట్ట మీద కూర్చునేదాన్ని, ఆయన కూర్చున్న చోటే. ఫ్యాక్టరీ బస్సు వచ్చేది, హారన్ కొట్టేది, తీతువు అరుచుకుంటూ లేచేది, నీటి అంచున ఉన్న పిట్టలన్నీ ఒక్కసారి లేచి ఒక చుట్టు చుట్టి మళ్లీ అక్కడే వాలేవి. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చిన్న పిట్టలు గుంపులు గుంపులుగా ఉండేవి. బురదలో ముక్కులు గుచ్చి తీసి, గుచ్చి తీసి, ఎవరో తరుముతున్నట్టు ఉరికేవి. ఇంతకుముందు వాటిని చూస్తే నాకు నవ్వు వచ్చేది. మా ఆయనతో, "ఇవి మీ పిన్నమ్మ కూతుర్లు, నిలకడ లేదు," అనేదాన్ని. ఇప్పుడూ చూశాను. అవి అట్లాగే ఉరికాయి. చూడడం మాత్రం చూశాను.

మా తోడికోడలిది అరెకరం మడి. కాలువ చిట్టచివర. దాని అవతల కంపచెట్లే. ఆమెకు ఉన్నది అదొక్కటే. బడిలో పిల్లలకు వంట చేస్తుంది, ఆ వచ్చేది ఇంటికి చాలదు, ఈ అరెకరం వడ్లతోనే ఏడాది గడవాలి. ఉగాది పోయేసరికి ఆమె మడి పాలకంకి మీద ఉంది. గింజను గోటితో నొక్కితే పాలు వచ్చే దశ అది. అప్పుడు ఒక తడి తప్పితే గింజ లోపల ఏమీ మిగలదు.

ఆమె పొద్దున బడికి పోతూ కట్ట మీద ఆగేది.

"ఏమంటాండాయక్కా నీ పిట్టలు?"

"బండకాడికి ఇంగా రాలే."

"వస్తానే సెప్పు. మొదుట్ల నాకే సెప్పల్ల."

"నీకే సెప్తా."

కట్టెకాళ్ల పిట్టలు ఆ ఒడ్డునే ఉన్నాయి. బండ చుట్టూ నామకోళ్లు ఈదుతున్నాయి. ఒకరోజు, రెండు రోజులు, వారం. నీళ్లు తగ్గుతున్నట్టు కట్ట రాళ్ల మీద గుర్తులు కనబడుతున్నాయి, కానీ బండ దగ్గర మాత్రం ఒక్క పిట్టా నిలబడలేదు. ఈసారి వాన బాగా పడింది, నీళ్లు దండిగా ఉన్నాయనుకున్నాను. రైతులు అడిగితే, "ఇంగా మూడు తడులకు కొదవ లేదు," అన్నాను. పైమడి నుంచి మామూలు తడే మొదలుపెట్టారు. నీళ్లు దండిగా ఉన్నాయన్న ధైర్యంతో ఒక్కొక్కరూ మడి తొణికేదాకా పెట్టుకున్నారు.

ఆ తడి నడుస్తుండగా ఒక పొద్దున రెండు కట్టెకాళ్ల పిట్టలు బండకు ఇవతల, తూముకు దగ్గరగా, నిలబడి ఉన్నాయి. నేను చూశాను. బండ దగ్గర నిలబడనివి బండ దాటి ఇవతల ఎట్లా నిలబడతాయి? ఇవతల ఇంకా లోతు కదా. మా ఆయన అయితే ఆ క్షణమే లేచి నిలబడి ఉండేవాడు. నేను కూర్చునే ఉన్నాను. ఒక పిట్ట ఒక కాలు ఎత్తి పొట్ట కింద దాచుకుంది. రెండోది ముక్కు నీళ్లలో పెట్టి తీసింది. ఎండ ఎక్కింది. ఇంటికి వచ్చి సంగటి తిన్నాను.

దాని తర్వాత మూడో రోజు తూము గొంతులో నీళ్లు ఆగిపోయాయి. చక్రం పైదాకా తిప్పినా కాలువలోకి చేతి మందం ధార కూడా రాలేదు. ఎదురుగా చెరువులో నీళ్లు తళతళమంటున్నాయి. నామకోళ్లు ఈదుతున్నాయి. తడి కాలువ నడిమికి కూడా చేరలేదు.

తోడికోడలు బడి నుంచి నేరుగా వచ్చింది. చేతికి పప్పు మరకలు అట్లాగే ఉన్నాయి. కాలువ చూసింది, చెరువు చూసింది, నన్ను చూసింది.

"నీళ్లుండాయి గదక్కా! అంత నీళ్లుండాయి! తిప్పు!"

"తిప్పినా. రావడం లే."

"మూడు తడులుండాయంటివే! నోరారా అంటివే! కడతడి అనింటే నా మడే గదా మొదుట్ల పారేది? ఇప్పుడు నా బిడ్డలకు ఏం పెట్టల్ల నేను, నీ పిట్టల్ని కోసి కూర సేసి పెట్టేదా?"

నేను చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకున్నాను. కట్ట మీద పడి ఉన్న వెదురు కర్ర తీసుకొని నీళ్లలోకి దిగాను. ముప్పై ఏళ్లుగా ఆ చెరువు పక్కన ఉన్నాను, లోపలికి దిగడం అదే మొదటిసారి. మొదట పాదాలు మునిగాయి. తర్వాత చీలమండ. అంతకంటే పైకి రాలేదు. బురద మెత్తగా వేళ్ల మధ్యకు వస్తోంది. బండకు పది అడుగుల దూరంలో ఉండగా కర్ర ముందుకు గుచ్చాను. కర్ర పోయింది. అడుగు తగల్లేదు. దాని వెంటనే కాలు జారి నేనూ పోయాను. రొమ్ముదాకా నీళ్లు. చల్లగా ఉన్నాయి. నామకోళ్లు చప్పుడు చేసుకుంటూ ఆ పక్కకు పోయాయి. కొంచెంసేపు అక్కడే నిలబడ్డాను.

"అక్కా! పైకి రాక్కా! ఏం సేస్తాండావు ఆడ!" అని తోడికోడలు కట్ట మీద నుంచి అరిచింది. కోపం మానేసి అరిచింది. నేను ఏమైనా చేసుకుంటానని భయపడిందని తర్వాత తెలిసింది. నాకు ఆ ఆలోచన లేదు. గుంత ఎంత వెడల్పు ఉందో కర్రతో చూస్తున్నాను, అంతే. బండ చుట్టూ గుంతే. ఎత్తు పల్లం లేకుండా నిలువుగా కోసిన గుంత.

అప్పటికి పెద్దాయన వచ్చాడు. నేను తడిసి కట్ట ఎక్కి, "బండకాడ గుంతుండాది మామా, నా రొమ్ములకాడికి," అంటే ఆయన బండకేసి చూశాడు.

"టిప్పర్లు..." అన్నాడు. "నువ్వు ధర్మవరంలో ఉన్నెప్పుడు వచ్చినాయి గదమ్మా. బండ పక్కన మన్ను మెత్తగుంటాదని ఆడే తవ్విరి. నీకు సెప్పల్ల అనేది నాకు తోచనే లేదే."

అందరూ టిప్పర్లను తిట్టారు. మన్ను అమ్మించినవాళ్లను తిట్టారు. పిట్టల తప్పేముంది, గుంతలో పిట్ట ఎట్లా నిలబడుతుంది అన్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. బండ దాటి ఇవతల నిలబడిన ఆ రెండు పిట్టల సంగతి నేను చెప్పలేదు. అది తెలిసింది నా ఒక్కదానికే. ఆ రోజు లేచి ఉంటే, లేచి కడతడి అని ఉంటే, పైమడులు ఆగేవి, మిగిలిన నీళ్లు చివరి మడికి చేరేవి.

తూము గడపకంటే కిందికి పోయిన నీళ్లు వాటంతట అవి కాలువకు ఎక్కవు. గుంతలో నీళ్లను తోడి పోయాల్సిందే. తోడికోడలి తమ్ముడు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉంటాడు. పొలం మానేసి ఫ్యాక్టరీలో చేరాక వాడి ఆయిల్ ఇంజను పట్ట కింద పడి ఉంది. ఫోన్ చేస్తే మరుసటి రోజుకు ఆటోలో వేసుకొని వచ్చాడు. ఏడాదిగా తిరగని ఇంజను. మూడు గంటలు తాడు లాగితే గానీ దగ్గలేదు. రెండు పగళ్లు అది కొట్టుకుంది. పైమడి రైతులు ఎవరూ మడవ తీయలేదు. పెద్దాయన కాలువ పొడుగునా నడిచి తానే చూశాడు. గుంత నీళ్లు బురదతో కలిసి ఎర్రగా, కాఫీ మాదిరి, కాలువ చివరిదాకా పోయాయి. తోడికోడలు మడి గట్టున కూర్చుని ఆ నీళ్లు రావడం చూసి ఏడ్చింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"నువ్వెందుకు ఏడ్సవక్కా?" అంది ముక్కు చీది.

"ఏమో."

నీళ్లు అందాయి గానీ ఆలస్యమయ్యాయి. నాలుగు రోజులు ఎండిన మడి. మూడో పగటికి ఇంజను గాలి పీల్చడం మొదలుపెట్టింది. గుంత అడుగు కనబడింది. ఇంజను ఆపాక కట్ట మీద కూర్చుంటే నామకోళ్లు లేవు. కొంచెంసేపటికి కట్టెకాళ్ల పిట్టలు ఒకటొకటిగా వచ్చి గుంతలోకి దిగాయి. నాకు రొమ్ముదాకా నీళ్లున్న చోట అవి పొట్ట తడవకుండా నిలబడ్డాయి. బండ చుట్టూ నిలబడ్డాయి.

కోతలయ్యాయి. ఇనుప పిడిని పెద్దాయన ఇంటికి తీసుకుపోయి వాకిట్లో పెట్టాను. ఆయన దాన్ని చూసి, "ఏమ్మా ఇది, తుప్పు పట్టిందని నూనె పెట్టించుకోను తెచ్చినావా?" అన్నాడు. నిజంగానే కొంచెం కొబ్బరినూనె తెచ్చి రాసి నా చేతికిచ్చాడు. దాన్ని తెచ్చి మళ్లీ మేకుకు తగిలించాను. వెదురు కర్ర కూడా దాని పక్కనే పెట్టాను.

ఆ సాయంత్రమే తోడికోడలు చేటెడు వడ్లు తెచ్చి మా గడప మీద పెట్టింది. నీరుగంటి మేర.

"నాకెందుకే? తీసుకపో," అన్నాను.

"కట్టుబాటుండాది. నీకు పెట్టకుంటే ఊళ్లో నన్నంటారు."

చేట తేలిగ్గా ఉంది. చేయి పెట్టి చూశాను, సగం తాలు. ఇద్దరం వాకిట్లో గాలికి ఎదురుగా కూర్చున్నాం. ఆమె చేట ఎగరేస్తుంటే తాలు గాలికి పోయి కోళ్ల మీద పడుతోంది. అప్పుడు చెప్పాను. రెండు పిట్టలు బండకు ఇవతల నిలబడ్డాయని, నేను చూశానని, చూసి ఇంటికి వచ్చి సంగటి తిన్నానని.

ఆమె చేట ఆపింది.

"కండ్లుండి ఏం లాబమక్కా నీకు," అంది.

"ఏం లాబం లే," అన్నాను.

మళ్లీ ఎగరేసింది. తాలంతా పోయాక చేట అడుగున మిగిలినవి రెండు దోసిళ్లు ఉంటాయి.

"ఇంతే ఉండాది," అంది.

"ఇంతే," అన్నాను. ఆ రెండు దోసిళ్లను ఆమె ఒక దోసిలి నా ఒళ్లో పోసి, ఒక దోసిలి తన కొంగులో మూటగట్టుకొని, చేట చంకన పెట్టుకొని పోయింది.